పాపకి డాఫ్నీ అని పేరు పెట్టాలనుకుంటున్నారా? ముందు ఈ సంగతులు చూడండి

మా పిన్ని కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. గ్రీసు బయట గ్రీకు వాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్లలో అదొకటి. తన ఆఫీసులో పక్క సీటు ఆవిడ కూడా గ్రీకే, ఆవిడ కూతురి పేరు డాఫ్నీ. మా చెల్లి ఏడో నెలలో ఉన్నప్పుడు ఓ రోజు ఫోన్ చేసి, "అక్కా, ఆ పేరు నాకు తెగ నచ్చేసింది, అర్థం విజయం అట, నెట్‌లో చూశాను, అమ్మాయి పుడితే పెట్టేసుకోనా?" అని అడిగింది. పేరు మంచిదే. కానీ అర్థం విజయం కాదు, దాని వెనక ఉన్న కథ అంత తేలికైంది కాదు, పైగా పలకడంలో, రాయడంలో కొన్ని చిక్కులున్నాయి. ఆ రోజు తనకి గంటన్నర సేపు చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీరు పాపకి పెట్టుకోవడానికైనా, రాస్తున్న కథలో పాత్రకి పెట్టడానికైనా, ఆఫీసులో ఉన్న ఒక డాఫ్నీని సరిగ్గా పిలవడానికైనా పనికొస్తాయి.

ముందు అర్థం సంగతి తేల్చుకోండి

గ్రీకులో డాఫ్నీ అంటే ఒక చెట్టు. లారెల్ చెట్టు, శాస్త్రీయ నామం లారస్ నోబిలిస్. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. గ్రీసులో ఇప్పటికీ వంటింట్లో వాడే ఆ ఆకునీ, ఆ చెట్టునీ, అమ్మాయినీ ఒకే మాటతో పిలుస్తారు. మనకి తులసి ఎలాగో వాళ్లకి ఇది అలాగ: పెరట్లో ఉన్నదీ తులసే, బళ్లో హాజరు పలికేదీ తులసే. ఈ తులసి పోలిక గుర్తుంచుకోండి, కథ దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

మరి విజయం అనే అర్థం ఎక్కడి నుంచి వచ్చిందంటే, గ్రీసులో డెల్ఫీ అనే చోట అపోలో దేవుడి పేరు మీద నాలుగేళ్లకోసారి పోటీలు జరిగేవి, పైథియన్ క్రీడలు అంటారు, వాటిలో గెలిచిన వాళ్ల తలకి ఈ ఆకులతో అల్లిన దండ కట్టేవారు. తర్వాత రోమన్లు అదే అలవాటు తీసుకున్నారు, యుద్ధం గెలిచి ఊరేగింపుగా వచ్చే సేనాపతి తల మీద లారెల్ దండ ఉండేది. మనం పేపర్లో చదివే 'నోబెల్ లారియేట్' అనే మాటలో ఉన్న లారియేట్ కూడా ఈ లారెలే, ఆ దండ వేయించుకున్నవాళ్లు అని అర్థం. అంటే విజయం ఆ చెట్టుకి తర్వాత అప్పగించిన పని, పేరుకి అర్థం కాదు. మామిడాకు తోరణం శుభానికి కడతాం కదా అని మామిడి అనే మాటకి అర్థం శుభం అని రాయలేం. ఎవరైనా మీ పాపని నీ పేరుకి అర్థమేంటమ్మా అని అడిగితే, చెట్టు పేరు అని చెప్పడం నేర్పండి. అదే నిజం, వినడానికి కూడా అదే అందంగా ఉంటుంది.

ఇంకో మాట, లారెల్ దండ అనగానే చాలామంది ఒలింపిక్స్ అంటారు. ప్రాచీన ఒలింపియాలో ఇచ్చింది ఆలివ్ కొమ్మల దండ. 2004లో ఏథెన్స్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు కూడా గెలిచిన వాళ్ల తలల మీద పెట్టినవి ఆలివ్ ఆకులే. బారసాల పత్రిక మీద వేయించే మాట ఏదైనా ఉంటే ఈ తేడా చూసుకోండి.

మన బిర్యానీ ఆకూ అదీ ఒకటేనా?

మా చెల్లి అడిగిన రెండో ప్రశ్న ఇదే, ఎందుకంటే ఇంగ్లీషులో రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. ఒకటి కాదు, కానీ దగ్గరి చుట్టాలు. మన పలావులో వేసేది దాల్చినచెక్క జాతి చెట్టు ఆకు. చేతిలోకి తీసుకుని చూడండి, కాడ దగ్గర నుంచి కొస దాకా పొడుగ్గా మూడు ఈనెలు కనిపిస్తాయి. గ్రీకు వాళ్ల లారెల్ ఆకుకి మధ్యలో ఒకటే ఈనె ఉండి దాని నుంచి పక్కలకి సన్నటి ఈనెలు చీలతాయి, ఆకు కూడా కొంచెం చిన్నదిగా ఉంటుంది. రెండూ లారేసీ అనే ఒకే కుటుంబంలోవి, దాల్చినచెక్క, కర్పూరం చెట్టు, అవకాడో కూడా ఆ కుటుంబమే. గ్రీసులో 'ఫకేస్' అని పొట్టు తీయని మసూర్ పప్పుతో చారులా చేస్తారు, అందులో ఈ ఆకు ఒకటో రెండో తప్పకుండా పడుతుంది. కాబట్టి మీ అత్తగారికి పేరు అర్థం చెప్పాల్సి వస్తే "బిర్యానీ ఆకుకి అక్కచెల్లెలు లాంటి చెట్టు అత్తయ్యా, అక్కడ దాన్ని దేవుడికి కూడా వాడేవారు" అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది.

కథ తెలియకుండా పెట్టకండి

ఈ భాగం దగ్గర కాస్త ఆగి చదవండి, ఎందుకంటే పేరు పెట్టాక పాప పదేళ్లకి ఈ కథ తనంతట తనే చదువుతుంది, అప్పుడు వచ్చి మిమ్మల్నే అడుగుతుంది.

కథకి బాగా తెలిసిన రూపం రోమన్ కవి ఒవిడ్ సుమారు రెండు వేల ఏళ్ల కిందట లాటిన్‌లో రాసింది. డాఫ్నీ పెనియస్ అనే నది కూతురు. ఆ నది ఇప్పటికీ ఉంది, గ్రీసులో థెసలీ ప్రాంతంలో పారుతుంది, ఒలింపస్ కొండకీ ఒస్సా కొండకీ మధ్య టెంపే అనే లోయ గుండా సముద్రంలోకి వెళుతుంది. డాఫ్నీకి అడవిలో తిరగడం, వేటాడడం ఇష్టం, పెళ్లి మాటే గిట్టదు. తండ్రి అల్లుడు కావాలమ్మా, మనవడు కావాలమ్మా అంటే మెడ చుట్టూ చేతులు వేసి నన్ను ఇలాగే ఉండనివ్వు నాన్నా అని బతిమాలుకుంటుంది, ఆయన సరే అంటాడు. ఈలోగా అపోలో పైథాన్ అనే పెద్ద పాముని చంపిన గర్వంతో, విల్లు పట్టుకున్న మన్మథుణ్ణి, అంటే వాళ్ల క్యూపిడ్‌ని, పిల్లాడివి నీకెందుకు ఈ ఆయుధాలు అని ఎగతాళి చేస్తాడు. క్యూపిడ్ కోపంతో రెండు బాణాలు వేస్తాడు. బంగారు మొన ఉన్నది అపోలోకి, దానితో ప్రేమ పుడుతుంది. సీసం మొన ఉన్నది డాఫ్నీకి, దానితో ఉన్న అయిష్టం ఇంకా పెరుగుతుంది.

ఆ తర్వాత అతను వెంటపడతాడు, ఆమె పరుగెత్తుతుంది. అతను వెనక నుంచి నేను ఫలానా, నాది డెల్ఫీ, నా తండ్రి దేవతల రాజు జ్యూస్ అని చెప్పుకుంటూనే ఉంటాడు, ఆమె ఆగదు. కుందేలు వెనక పడ్డ వేటకుక్కలా తరిమాడు అని కవి రాశాడు, ఆ పోలిక ఎవరి పక్షాన ఉందో చూడండి. ఇక ఓపిక అయిపోయి, అతని ఊపిరి తన జుట్టుకి తగులుతున్నంత దగ్గరికి వచ్చేసరికి, తండ్రి నది కనిపిస్తే ఈ రూపం మార్చెయ్యి అని వేడుకుంటుంది. ఆ మాట పూర్తయ్యేలోపే ఒంటి మీద బెరడు కమ్ముతుంది, జుట్టు ఆకులవుతుంది, చేతులు కొమ్మలవుతాయి, అప్పటిదాకా పరుగెత్తిన కాళ్లు వేళ్లై నేలలోకి దిగిపోతాయి. అపోలో మానుని పట్టుకుంటే లోపల గుండె ఇంకా కొట్టుకుంటూ చేతికి తగిలిందట. అప్పుడు అతను భార్యవి కాలేకపోయినా నా చెట్టువి అవుతావు అని ఆ ఆకులు తల మీద పెట్టుకుంటాడు. అందుకే అపోలో పోటీల్లో ఆ దండ.

కథ చివర కవి, చెట్టు కొత్త కొమ్మలు ఊపింది, దాని కొస తలలా ఊగినట్టు అనిపించింది అని రాశాడు. కొమ్మలు ఊపింది అన్నాడు గానీ, కొస తలలా ఊగింది అనలేదు, ఊగినట్టు అనిపించింది అన్నాడు. చాలా చోట్ల దీన్ని "ఆమె ఒప్పుకుంది" అని తిప్పి రాసేస్తారు. అలా చెప్పకండి. ఆమె మొదటి నుంచి చివరి దాకా వద్దు అనే అంది, మనిషి రూపమే వదులుకుంది గానీ మాట మార్చలేదు.

ఇక్కడ తులసి దగ్గరికి రండి. జలంధరుడి భార్య బృంద కథ మనలో చాలామందికి అమ్మమ్మల నోటే తెలుసు: విష్ణువు ఆమెని మోసం చేయడం, ఆమె శపించడం, తర్వాత తులసిగా రావడం, ఆ తులసి లేనిదే ఆయనకి పూజ లేకపోవడం. అక్కడ అపోలోకి లారెల్, ఇక్కడ విష్ణువుకి తులసి. ఒకదాని నుంచి ఒకటి వచ్చిందని నేను అనడం లేదు. కానీ మనం తులసి అని కూతుళ్లకి పేరు పెట్టుకుంటూనే ఉన్నాం, ఆ పేరు వింటే మనకి కోట ముందు దీపం గుర్తొస్తుంది గానీ మోసం గుర్తురాదు. డాఫ్నీ పేరు కూడా గ్రీకు ఇళ్లలో అలాగే బతుకుతోంది. "ఇంత బాధ ఉన్న కథ, అశుభం కాదా?" అని అడిగే వాళ్లకి నేను ఇదే చెబుతాను. సీత అని పెట్టుకోవడానికి మనం వెనకాడామా?

దీనికి వేరే రూపాలూ ఉన్నాయి. ఒక దానిలో తండ్రి పెనియస్ కాదు, ఆర్కేడియా ప్రాంతంలో పారే లాడన్ అనే నది. ఆ కథలో లూసిపస్ అనే రాజకుమారుడు ఆడవేషం వేసుకుని డాఫ్నీ వేటగుంపులో చేరి స్నేహం చేస్తాడు, నదిలో స్నానాల దగ్గర విషయం బయటపడి వాళ్ల చేతుల్లోనే చనిపోతాడు. పిల్లలకి చెప్పేటప్పుడు దీని జోలికి వెళ్లక్కర్లేదు.

చిన్నపిల్లకి ఎలా చెప్పాలంటే, నాలుగైదేళ్ల వయసులో నది కూతురు, గాలితో పోటీగా పరుగెత్తేది, చివరికి ఎప్పటికీ ఎండిపోని పచ్చటి చెట్టు అయింది అన్నంత వరకు చాలు. తొమ్మిదీ పదేళ్లు వచ్చాక మొత్తం చెప్పండి, దాచకండి. తనకి ఇష్టం లేదని ఒక అమ్మాయి చెప్పింది, ఎంత గొప్పవాడైనా ఆ మాట వినాల్సింది, వినలేదు, తప్పు అతనిది అని సూటిగా చెప్పండి. ఆ వయసు ఆడపిల్లకి ఈ సంభాషణ ఎలాగూ అవసరం, పేరు వల్ల అది మీ ఇంట్లోనే, మీ నోటితోనే మొదలవుతుంది. వీలైతే రోమ్‌లో బోర్గేసె గ్యాలరీలో ఉన్న పాలరాతి శిల్పం ఫొటో చూపించండి. ఇటలీ శిల్పి బెర్నీని 1622 నుంచి 1625 మధ్య చెక్కాడు. అందులో ఆమె వేలి కొసలు ఆకులుగా మారుతూ ఉంటాయి, కాలి వేళ్ల దగ్గర సన్నటి వేరు మొలుస్తూ ఉంటుంది, రాయి ఇంత పల్చగా ఎలా చెక్కాడా అని ఎంతసేపైనా చూడొచ్చు.

పలకడం, రాయడం

ఇంగ్లీషు వాళ్లు డాఫ్నీ అంటారు, మొదటి అక్షరం మీద ఊనిక, మొదట్లో ఉన్నది 'డ్యాడ్'లో వచ్చే అచ్చు లాంటిది. ఇప్పటి గ్రీకు వాళ్లు మాత్రం డ అనరు. వాళ్ల మొదటి అక్షరం మన ద కి దగ్గరగా, నాలుక పళ్ల మధ్యకి కాస్త జారినట్టు ఉంటుంది, చివర ఈ అంత సాగదు: దాఫ్ని. గ్రీకు వాళ్లని పిలిచేటప్పుడు దాఫ్ని అనండి, వాళ్ల ముఖం వెలుగుతుంది, మా చెల్లి పక్క సీటు ఆవిడ విషయంలో అదే జరిగింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి చెబుతాను. ప్రాచీన గ్రీకులో ఈ పేరు పలికిన తీరు మన తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాయగలం: దఫ్నే. మొదట పొట్టి ద, చివర దీర్ఘం ఏ, మధ్యలో ఉన్న అక్షరం ఇప్పటి 'ఫ్యాన్'లో పలికేలా పెదవీ పళ్లూ తాకించి పలికేది కాదు, ప కి ఒత్తు. ఫలం, ఫణి అని పాత పద్ధతిలో ఒత్తి పలికితే వస్తుందే, అది. కాలక్రమంలో వాళ్ల ఒత్తు పకారం పెదవీ పళ్ల మధ్య గాలి శబ్దంగా మారిపోయింది, చివరి ఏ కాస్తా ఈ అయిపోయింది. మన దగ్గర కూడా ఫలం అనే మాటని ఇప్పుడు చాలామంది ఇంగ్లీషు ఎఫ్‌తో పలుకుతున్నారు కదా, అచ్చం అదే మార్పు. కాబట్టి ఊళ్లో నాయనమ్మ 'డాప్నీ' అని పకారంతో పిలిస్తే సరిదిద్దకండి, ఆ ప కూడా చాలా పాత పలుకుకి దగ్గరే.

తెలుగులో రాసేటప్పుడు ఒక రూపం ఎంచుకుని దానికే కట్టుబడండి. ఇంగ్లీషు వాడుక ప్రకారం పెట్టుకుంటే డాఫ్నీ. డాఫ్నీకి, డాఫ్నీని, డాఫ్నీతో అని విభక్తులు ఇబ్బంది లేకుండా చేరతాయి. గ్రీకు పలుకు కావాలంటే దాఫ్ని. పురాణ కథ అనువదిస్తూ పాత వాసన కావాలనుకుంటే దఫ్నే బాగుంటుంది, తెలుగు బైబిల్‌లో ఫీబే అనే పేరు చివర ఏ ఉంటుంది చూడండి, ఆ పద్ధతే. డెఫ్నీ, డాఫిని, డ్యాఫ్నే అని పేజీకో రకంగా రాస్తే చదివేవాళ్లకి ముగ్గురు మనుషులనిపిస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో డి, ఏ, పి, హెచ్, ఎన్, ఈ. గ్రీకు పాస్‌పోర్టుల్లో ఎఫ్‌తో, చివర ఐతో రాస్తారు. ఇటాలియన్, స్పానిష్ వాళ్లు ఎఫ్ పెట్టి చివర ఈ ఉంచుతారు, దాఫ్నె అని పలుకుతారు. వీటిలో ఏదైనా తప్పు కాదు. న్యూమరాలజీ పేరుతో మధ్యలో ఇంకో హెచ్, చివర ఇంకో ఈ, వై చేర్చడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ పేరుకున్న పెద్ద సుఖం అది ఎన్నో దేశాల్లో ఒక్క చూపులో గుర్తుపట్టే పేరు కావడం, అక్షరం మార్చితే జీవితాంతం ప్రతి కౌంటర్ దగ్గరా స్పెల్లింగ్ చెప్పుకుంటూ నిలబడాలి. ఇండియాలో పుట్టిన పాపైతే పుట్టుకని 21 రోజుల్లో నమోదు చేయించండి. పేరు తేలకపోతే టెన్షన్ వద్దు, పేరు లేకుండా నమోదు చేసి ఏడాది లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంటుంది. స్పెల్లింగ్ మీద ఇంట్లో మాట తేలాకే వెళ్లండి.

ఊనిక విషయంలో ఒక జాగ్రత్త. గ్రీసు వెళ్లినప్పుడు మొదటి అక్షరాన్ని ఒత్తి పలకండి, దాఫ్ని. చివరి అక్షరాన్ని ఒత్తి దఫ్నీ... అంటే అది వేరే మాట, ఏథెన్స్‌కి పడమర ఉన్న ఒక చోటి పేరు. అక్కడ 11వ శతాబ్దపు మొజాయిక్ బొమ్మలున్న గొప్ప మఠం ఉంది, 1990లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ మఠం ఉన్న చోట అంతకుముందు అపోలో గుడి ఉండేదట, చెట్టు పేరు ఊరికి అలా వచ్చింది. అయితే ఆ దగ్గర్లోనే పెద్ద మానసిక వైద్యశాల కూడా ఉంది, అందువల్ల ఏథెన్స్ వాళ్ల మాటల్లో ఆ ఊరి పేరు ఆసుపత్రికి గుర్తుగా స్థిరపడింది, మన దగ్గర ఎర్రగడ్డ అంటే ఎలాగో అలాగ. మెట్రో ఎర్ర లైన్‌లో ఉన్న స్టేషన్ మాత్రం మన అమ్మాయి పేరే, మొదటి అక్షరం మీదే ఊనిక.

గ్రీకు మాటల్లో 'దాఫ్నిస్' అని వినిపిస్తే కంగారు పడకండి, అది 'దాఫ్ని యొక్క' అని. అలాగే డాఫ్నిస్ అని విడిగా ఒక మగ పేరు కూడా ఉంది, పురాణాల్లో గొర్రెల కాపరి. శని గ్రహానికి 2005లో కనుక్కున్న ఒక చిన్న చందమామకి పెట్టింది ఆ కాపరి పేరు. మన అమ్మాయి పేరున్నది గ్రహశకలం, 1856లో కనుక్కున్నారు, వరసలో 41వది. బడిలో సైన్స్ ప్రాజెక్టుకి పనికొస్తుంది.

పేరు పండగ ఎప్పుడు?

గ్రీసులో పుట్టినరోజుతో సమానంగా, పెద్దవాళ్లకైతే అంతకన్నా ఎక్కువగా, పేరు పండగ చేసుకుంటారు. ఒక్కో పేరు ఒక్కో సెయింటు రోజుకి ముడిపడి ఉంటుంది. డాఫ్నీ పురాణాల పేరు, చెట్టు పేరు, మరి దీనికి రోజెక్కడిది అంటే, మట్టల ఆదివారం! మన క్రైస్తవుల ఇళ్లలో ఈస్టర్‌కి ముందు ఆదివారం ఈత మట్టలు, తాటి మట్టలు పట్టుకుని గుడికి వెళతారు కదా, గ్రీసులో చాలా చోట్ల ఆ రోజు చర్చిలో పంచేది లారెల్ కొమ్మలే. అందుకని ఆ ఆదివారం దాఫ్నిలందరిదీ. వాళ్ల ఆర్థడాక్స్ క్యాలెండర్ మన చర్చిల క్యాలెండర్‌తో కొన్ని ఏళ్లే కలుస్తుంది, అది చూసుకోవాలి: 2026లో మన దగ్గర మట్టల ఆదివారం మార్చి 29న వస్తే వాళ్లకి ఏప్రిల్ 5న, 2027లో వాళ్లకి ఏప్రిల్ 25న. ఆ రోజు గ్రీకు స్నేహితురాలికి "ఖ్రోన్యా పోలా" అని చెప్పండి, చాలా ఏళ్లు అని అర్థం, మన నూరేళ్లు చల్లగా ఉండు లాంటిదే.

ముద్దుపేరు కావాలంటే గ్రీకులో దాఫ్నూలా అంటారు, చిన్నారి దాఫ్ని అని. ఇంగ్లీషులో డాఫ్. మన ఇంట్లో బుజ్జి, చిట్టి ఎలాగూ ఉంటాయి.

వేరే దేశాల్లో

టర్కీలో ఇదే పేరు దెఫ్నె, అక్కడ బాగా వాడుకలో ఉంది, లారెల్ ఆకుని కూడా దెఫ్నె అనే అంటారు. హీబ్రూలో దఫ్నా. కాబట్టి క్రైస్తవ, ముస్లిం, యూదు ఇళ్లన్నిటిలోనూ ఈ పేరు వినిపిస్తుంది, ఒక మతానికి గుర్తుగా ఎవరూ చూడరు. వేరే మతాల వాళ్లు పెళ్లి చేసుకున్న ఇళ్లలో పేరు దగ్గర గొడవలు నేను చూశాను, అలాంటి వాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే పేరు.

ఈ పేరున్న వాళ్లలో మన సాఫ్ట్‌వేర్ పిల్లలకి తెలిసినావిడ డాఫ్నీ కోలర్, 2012లో ఆండ్రూ ఎన్‌జీతో కలిసి కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థ మొదలుపెట్టిన అప్పటి స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్. ఇంకొకావిడ మాల్టా దేశపు జర్నలిస్టు డాఫ్నీ కరువానా గలీజియా, పెద్దవాళ్ల అవినీతి గురించి రాసినందుకు 2017 అక్టోబర్ 16న ఆమె కారుకి బాంబు పెట్టి చంపేశారు. యూరోపియన్ పార్లమెంటు ఏటా ఆమె పేరు మీద జర్నలిజం బహుమతి ఇస్తోంది. పాప పెద్దయ్యాక నా పేరున్న వాళ్లు ఎవరెవరు అని వెతికితే ఈమె దగ్గర ఆగుతుంది, ఆగాలి కూడా.

చెట్టు కూడా పెంచాలనుకుంటే

పేరు పెట్టిన రోజున మొక్క నాటుదాం అని మా చెల్లికి ఆలోచన వచ్చింది, చాలా నచ్చింది నాకు. కానీ నర్సరీకి వెళ్లి 'డాఫ్నీ మొక్క' అని అడగకండి. తోటల్లో పెంచే డాఫ్నీ అనే పొద వేరే ఉంది, పూలు మంచి వాసన వస్తాయి గానీ దాని కాయలు, బెరడు విషం, పాకే పిల్లలున్న ఇంట్లో వద్దు. ఆ జాతి పొదలు హిమాలయాల్లోనూ పెరుగుతాయి, నేపాల్‌లో వాటి బెరడుతోనే చేతి కాగితం చేస్తారు. ఇక గ్రీకులో 'పిక్రొదాఫ్ని', చేదు దాఫ్ని, అని ఒకటుంది, అది ఏంటో తెలుసా, మన గన్నేరు! గన్నేరులో ప్రతి భాగమూ విషమే. గ్రీకు స్నేహితులు దారి పక్కన దాన్ని చూపించి పేరు చెబితే పొరపాటున ఆకు తెంపి వంటలో వేయకండి. నర్సరీలో లారస్ నోబిలిస్ అని పూర్తి పేరు చెప్పి అడగండి, చీటీ మీద ఆ పేరు ఉందో లేదో చూసుకోండి, అనుమానం ఉంటే ఆకు నలిపి వాసన చూడండి, ఈనె ఒకటే ఉందేమో చూడండి. మెల్‌బోర్న్ లాంటి చోట నేలలో బాగా వస్తుంది. మన ఎండల్లో, ముఖ్యంగా కోస్తా ఉక్కలో, దానికి కష్టం, కాబట్టి పెద్ద కుండీలో పెట్టి ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ పడే చోటికి జరపండి. నీళ్లు పైమట్టి ఆరాకే పోయండి, కుండీ అడుగున నిలవనివ్వకండి. మెల్లగా పెరుగుతుంది, మొదటి రెండేళ్లు ఆకులు కోయకుండా వదిలేయండి.